విప్పిన పాత బేస్‌బాల్ ప్యాకెట్లలో మిగిలిన వేల కార్డుల్ని ఏం చేయాలి?

మీ ప్రశ్న ఇది: గరాజ్ సేల్‌లో సీలు విప్పని పాత బేస్‌బాల్ కార్డుల (ఆటగాళ్ళ ఫోటోలు అచ్చువేసి ప్యాకెట్లలో అమ్మే అట్ట కార్డులు) పెట్టెలు దొరికాయి. టాప్స్ కంపెనీ 1987లో వేసినవి నాలుగు, డాన్‌రస్ కంపెనీ 1988లో వేసినవి మూడు. లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) ఆడే మీ పదకొండేళ్ళ బాబుతో కలిసి నెలరోజులు సాయంత్రాలు కూర్చుని అన్నీ విప్పారు. బాబుకి నచ్చిన ఓ రెండు వందలు ఆల్బమ్‌లో పెట్టుకున్నాడు. మిగతావి నాలుగు వేలకు దగ్గరగా డైనింగ్ టేబుల్ మీద ఉన్నాయి. "ఇవి వింటేజ్ కదా, అమ్మితే ఎంతొస్తుంది? అమ్మకపోతే ఏం చేయాలి?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. అమ్మితే చెప్పుకోదగ్గ డబ్బు రాదు. కానీ ఇప్పుడే పారేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి కూడా. ముందు ఓ ముప్ఫై, నలభై కార్డులు ఏరి పక్కన పెట్టండి. తర్వాత రెండు సెట్లు (ఒక కంపెనీ ఒక ఏడాది వేసిన కార్డులన్నీ కలిపితే ఒక సెట్) పూర్తి చేయండి. మిగిలిన వాటిలో కొన్ని మార్పిడికి, ఎక్కువ భాగం పిల్లలకి. ఈ వరుస తప్పితే తర్వాత బాధపడతారు. నేను ఒకసారి తప్పాను, అది కింద చెప్తాను.

నేను 1999లో ఒహాయో వచ్చాను. బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. ఆఫీసులో ఒకాయన కొన్ని సిన్సినాటి రెడ్స్ జట్టు కార్డులు చేతిలో పెట్టి ఆట నేర్పించాడు. అప్పట్నుంచి సేకరిస్తున్నాను. పన్నెండేళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళలో వారాంతపు కార్డ్ షోల్లో ఒక టేబుల్ తీసుకుని కూర్చుంటున్నాను. మీలాంటి టేబుళ్ళు, మీలాంటి పెట్టెలు చాలా చూశాను.

ముందు "వింటేజ్" అన్న మాట గురించి. దాదాపు నలభై ఏళ్ళ నాటి వస్తువు కాబట్టి మనకి పాతదే అనిపిస్తుంది. ఈ రంగంలో మాత్రం ఆ మాట మామూలుగా 1980కి ముందు కార్డులకి వాడతారు. ఎందుకంటే అప్పటిదాకా దాదాపు పాతికేళ్ళు ప్యాకెట్ కార్డుల వ్యాపారమంతా టాప్స్ ఒక్కదాని చేతిలో ఉండేది. 1980లో ఫ్లీర్ అనే కంపెనీ టాప్స్ మీద వేసిన దావాలో తీర్పు రావడంతో 1981 నుంచి ఫ్లీర్, డాన్‌రస్ కూడా దిగాయి. తర్వాత 1988లో స్కోర్, 1989లో అప్పర్ డెక్. అయిదు కంపెనీలు పోటీపడి ఏడాదికి వందల కోట్ల కార్డులు అచ్చేశాయి. అందుకే 1987 నుంచి 1993 దాకా వచ్చిన వాటిని ఇక్కడ "జంక్ వ్యాక్స్" అంటారు. ప్యాకెట్ మీద మైనపు కాగితం ఉండేది కాబట్టి వ్యాక్స్. జంక్ అన్న మాట నాకు నచ్చదు, కానీ మీరు వెతికేటప్పుడు ఆ పేరుతోనే వెతకాలి.

అచ్చు ఎక్కువ కావడం సగం కారణమే. రెండో సగం ఇంకా ముఖ్యం: ఆ కార్డుల్ని ఎవరూ పారేయలేదు. 1952 టాప్స్ సంగతి తీసుకోండి. ఆ ఏడాది చివర్లో వచ్చిన నంబర్ల కార్డులు అమ్ముడుపోక గోదాములో పడి ఉంటే, 1960లో టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ వాటిని పడవలోకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పోయించాడు. ఆయనే తర్వాత ఈ సంగతి చెప్పుకున్నాడు. ఆ నంబర్లలోదే 311వ నంబరు, ప్రఖ్యాత ఆటగాడు మిక్కీ మాంటిల్ కార్డు. అలాంటిది ఒకటి, చెక్కుచెదరకుండా మిగిలింది, 2022 ఆగస్టు వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికింది. ఆ కాలం పిల్లలు కార్డుల్ని సైకిల్ చక్రాలకి తగిలించి టపటపా శబ్దం వచ్చేలా తొక్కేవారు, గోడకేసి విసిరి పందేలు ఆడేవారు. తెనాలిలో మేము అగ్గిపెట్టె అట్టలతో బచ్చాలాట ఆడినట్టే. వాళ్ళు కాలేజీకి వెళ్ళగానే అమ్మలు చెత్తలో పడేసేవారు. అలా మిగిలినవి కొద్దివి కాబట్టి విలువొచ్చింది. ఆ కథలు విన్న తర్వాతి తరం 1987లో కొన్నవి కొన్నట్టు అటకల మీద దాచింది. పెట్టెలకి పెట్టెలు, సీలు కూడా విప్పకుండా. మీకు దొరికినవి అవే.

అందుకని ఇప్పటికీ 1987 టాప్స్ పూర్తి సెట్, అంటే 792 కార్డులూ కలిపి, ఇరవై ముప్ఫై డాలర్లకి దొరుకుతోంది. పేరున్న ఆటగాళ్ళంతా అందులోనే ఉన్నారు. అలాంటప్పుడు మామూలు ఆటగాళ్ళ డబుల్స్‌కి (మళ్ళీ మళ్ళీ వచ్చిన అవే కార్డులకి) విడిగా ఎంతిస్తారో మీరే ఊహించండి.

ఒక మినహాయింపు. ఇది చదివే వేరేవాళ్ళ దగ్గర నిజంగా 1970ల ప్యాకెట్లు విప్పిన కార్డులుంటే ఈ సమాధానం వాళ్ళకి వర్తించదు. 1975 టాప్స్‌లోనో 1979 టాప్స్‌లోనో మామూలు ఆటగాడి కార్డు అయినా సరే, ప్యాకెట్ నుంచి ఇప్పుడే తీసింది, మూలలు కత్తిలా ఉంటే, అత్యున్నత గ్రేడ్‌లో (నిపుణులు వేసే నాణ్యత మార్కు) సెట్ కడుతున్నవాళ్ళు దానికోసం ఎదురుచూస్తుంటారు. వాటిని పిల్లలకి పంచకండి, చేత్తో ఎక్కువ తాకకండి, ముందు ఒక మంచి డీలర్‌కి చూపించండి. 1980 టాప్స్‌లో రికీ హెండర్సన్ రూకీ (ఆటగాడి మొదటి కార్డు) 482వ నంబరు. అది బయటపడితే అక్కడే ఆగి, శుభ్రంగా చేతులు కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టండి.

ఇక మీ కుప్ప దగ్గరికి వద్దాం. 1987 టాప్స్ ప్యాకెట్‌కి 17 కార్డులు, పెట్టెకి 36 ప్యాకెట్లు, అంటే 612. నాలుగు పెట్టెలకి 2,448. 1988 డాన్‌రస్ ప్యాకెట్‌కి 15, పెట్టెకి 540, మూడింటికి 1,620. మొత్తం 4,068. టాప్స్ సెట్‌కి 792, డాన్‌రస్ సెట్‌కి 660 కావాలి. ప్యాకెట్లలో ఏది వస్తుందో మన చేతిలో ఉండదు కాబట్టి, నాలుగు పెట్టెలు విప్పినా టాప్స్ సెట్‌లో ముప్ఫై నలభై తక్కువ పడతాయి. డాన్‌రస్‌లో యాభై అరవై. ఈ రెండు సెట్లు పక్కకి తీసేస్తే మీ దగ్గర నిజంగా మిగిలేవి 2,700 వరకు. నాలుగు వేలు అనగానే వచ్చిన టెన్షన్ అక్కడే సగం తగ్గాలి.

ఏరడం ఇలా చేయండి. ముందు రెండు కంపెనీలనీ వేరు చేయండి. టాప్స్‌కి చెక్కలాంటి గోధుమ రంగు అంచు ఉంటుంది, 1962 టాప్స్‌ని గుర్తుచేసేలా వేశారు. డాన్‌రస్‌ది నీలం, నలుపు, ఎరుపు కలిసిన అంచు. తర్వాత వెనక ఉన్న నంబర్ల ప్రకారం వందల కుప్పలు, ఒక్కో వందని పదుల కుప్పలు. నేల మీద దుప్పటి పరిచి చేయడం మంచిది. మా అబ్బాయి చిన్నప్పుడు ఈ పని చేస్తూనే మూడంకెల సంఖ్యలు గబగబా చదవడం నేర్చుకున్నాడు.

వరుస పెట్టేటప్పుడే ఈ కింది వాళ్ళు ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ పక్కన పెట్టండి:

1987 టాప్స్‌లో: బ్యారీ బాండ్స్ (320), మార్క్ మెగ్వైర్ (366), బో జాక్సన్ (170), బ్యారీ లార్కిన్ (648), విల్ క్లార్క్ (420), రఫేల్ పల్మేరో (634), హోసే కాన్సెకో (620), రోజర్ క్లెమెన్స్ (340), నోలన్ రయాన్ (757).

1988 డాన్‌రస్‌లో: రాబర్టో అలోమార్ (34), మార్క్ గ్రేస్ (40), టామ్ గ్లావిన్ (644).

వీటిలో కూడా చాలావరకు ఒక్కోటి డాలర్, రెండు డాలర్ల కార్డులే. కానీ ఎవరికైనా ఇస్తే సంతోషించే కార్డులు, మార్పిడిలో ముందుగా అడిగే కార్డులు ఇవి. 1987 టాప్స్‌లో గ్రెగ్ మాడక్స్ కోసం వెతికి టైమ్ పోగొట్టుకోకండి. ఆయన ఆ ఏడాది చివర్లో విడిగా వచ్చిన "ట్రేడెడ్" సెట్‌లో ఉన్నాడు, ప్యాకెట్లలో లేడు. ఈ ప్రశ్న నన్ను ప్రతి షోలో ఎవరో ఒకరు అడుగుతారు.

పెద్ద పేర్లే కాకుండా ఇంకో రకం కార్డుల మీద కూడా కన్నేయండి. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (గొప్ప ఆటగాళ్ళకిచ్చే శాశ్వత గౌరవం) ఆలస్యంగా వెళ్ళినవాళ్ళు ఉంటారు. ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్ 2004లో ఆడటం మానేస్తే 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఎడ్గార్ మార్టినెజ్‌కి ఓటింగ్‌లో పదో ఏడు, అంటే ఆఖరి అవకాశంలో, 2019లో చోటు దొరికింది. ఆయన రూకీ 1988 ఫ్లీర్‌లో ఉంది. ఏళ్ళ తరబడి నా దగ్గర కామన్స్ (మామూలు ఆటగాళ్ళ కార్డుల) డబ్బాలో ఉన్న మార్టినెజ్ కార్డులు ఆ వారంలో అందరూ అడిగారు. లక్షలేమీ రాలేదు, కానీ అడిగారు. అందుకే పంచేముందు హాల్ ఆఫ్ ఫేమ్ జాబితా ఒకసారి చూసుకోమంటాను.

తప్పు ప్రింట్ల గురించి కూడా చెప్పాలి. ఇంటర్నెట్‌లో 1987, 1988 కార్డులకి "ఎర్రర్ కార్డ్, పదివేల డాలర్లు" అని పెట్టినవి కనిపిస్తాయి. వాటిని చూసి ఆశపడకండి. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. ఈబేలో "సోల్డ్" అన్న ఫిల్టర్ పెట్టి, అసలు ఎంతకి అమ్ముడుపోయిందో మాత్రమే చూడండి. నిజంగా అడిగే తప్పు ప్రింట్లు కొద్దిగానే ఉన్నాయి. 1990 టాప్స్‌లో 414వ నంబరు ఫ్రాంక్ థామస్ కార్డు ముందువైపు పేరు లేకుండా వచ్చింది, దానికి మంచి ధర ఉంది. 1989 ఫ్లీర్‌లో 616వ నంబరు బిల్లీ రిప్కెన్ కార్డులో బ్యాట్ చివర బూతుమాట రాసి ఉంటే, కంపెనీ దాన్ని రకరకాలుగా చెరిపి మళ్ళీ అచ్చేసింది. ఆ రకాల్ని ఏరుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మీ రెండు సెట్లలో అలాంటిది ఏదీ లేదు. అచ్చులో పడిన చిన్న చుక్కకి, రంగు తేడాకి ఎవరూ డబ్బివ్వరు.

గ్రేడింగ్‌కి పంపాలా? దాదాపు ఎప్పుడూ వద్దనే చెప్తాను. కార్డుని నిపుణులకి పంపితే ఒకటి నుంచి పది దాకా మార్కు వేసి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తారు. ఒక్కో కార్డుకి ఇరవై డాలర్ల పైనే అవుతుంది, పోస్టేజీ వేరే. మీ ఏడాది కార్డులకి పది వస్తేనే ఆ ఖర్చు వెనక్కి వస్తుంది. తొమ్మిది వస్తే చాలావాటికి గ్రేడింగ్ ఫీజు కూడా రాదు. నేను మొదట్లో ఎంతో ఏరి 14 కార్డులు పంపాను. నా కంటికి అన్నీ పదే. వచ్చినవి ఒక పది, అయిదు తొమ్మిదులు, మిగతావి ఎనిమిదులు. ఫోటో ఒకవైపుకి జరిగి ఉండటం, మూల మీద వెంట్రుకంత తెలుపు, ఇవి భూతద్దంలో చూస్తే తప్ప తెలియవు. డాన్‌రస్ అంచు ముదురు రంగు కాబట్టి మూల కొంచెం రాసుకున్నా తెల్లగా కనిపిస్తుంది. బాండ్స్‌దో బో జాక్సన్‌దో అన్ని విధాలా నిఖార్సైనది ఒకటి కనిపిస్తే ఆలోచించండి. అంతకుమించి వద్దు.

మరకల సంగతి. టాప్స్ ప్యాకెట్‌లో బబుల్‌గమ్‌ని ఆనుకుని ఉన్న కార్డుకి గోధుమ రంగు మరక పడుతుంది. ప్యాకెట్ అంటించిన చోట కరిగిన మైనం ఇంకో కార్డుకి అంటుతుంది. మైనపు మరక ముందువైపు ఉంటే పాత నైలాన్ మేజోడుతో మెల్లగా, ఒత్తిడి లేకుండా రుద్దితే చాలావరకు పోతుంది. గమ్ మరక పోదు, నీళ్ళు తగిలించి కార్డు పాడుచేసుకోకండి. ఆ గమ్ ముక్కని బాబు నోట్లో పెట్టుకోకుండా చూడండి. మీరు రాయలేదు కానీ, ప్రతి పిల్లాడికీ ఆ కోరిక పుడుతుంది. డాన్‌రస్‌లో ఈ బాధ లేదు, ఎందుకంటే అందులో గమ్ లేదు. 1981లో అప్పీల్ కోర్టు తీర్పు తర్వాత గమ్‌తో కలిపి అమ్మే హక్కు టాప్స్‌కే మిగిలింది. అందుకే డాన్‌రస్ 1982 నుంచి గమ్ బదులు పజిల్ ముక్కలు పెట్టింది. 1988 ప్యాకెట్లలో వచ్చేది స్టాన్ మ్యూజియల్ బొమ్మ, మొత్తం 63 ముక్కలు. మీ మూడు పెట్టెల్లో 108 ప్యాకెట్లు, ఒక్కోదాంట్లో మూడు ముక్కల అట్ట ఒకటి. ఒక బొమ్మ పూర్తవడానికి సరిపోవాలి. అవి పనికిరానివి అనుకుని పారేయకుండా బాబుతో అతికించండి.

ఇప్పుడు నేను చేసిన తప్పు. 2009లో ఒక ఇంట్లో సామాన్లు అమ్ముతుంటే పదహారు పెట్టెలు కొన్నాను. అన్నీ విప్పాను. ఏరినవి ఏరి, మిగిలిన ఏడు వేలకి పైగా డబుల్స్‌ని "ఎప్పుడో ఒకరోజు ధర వస్తుంది" అని బేస్‌మెంట్‌లో నేల మీదే అట్టపెట్టెల్లో పెట్టాను. ఇవ్వమని అడిగిన వాళ్ళున్నారు. పక్క వీధిలో స్కౌట్ పిల్లల్ని నడిపే ఆవిడ రెండుసార్లు అడిగింది. తర్వాత చూద్దాం అన్నాను. నాలుగో ఏడు వాటర్ హీటర్ కారింది. కింద వరస పెట్టెలన్నీ తడిసి బూజు పట్టాయి. వాటి మధ్య ఉన్న మెరుపు పూత కార్డులు ఒకదానికొకటి అతుక్కుని ఇటుకల్లా అయ్యాయి. విడదీస్తే బొమ్మలు ఊడొచ్చాయి. మూడు రోజులు పట్టింది అవన్నీ చెత్తలోకి మోయడానికి. డబ్బు నష్టం మహా అయితే నలభై డాలర్లు. కానీ ఏడు వేల కార్డులు, ఒక్కో పిల్లాడికి ఇరవై చొప్పున ఇచ్చినా మూడు వందల యాభై మంది పిల్లలు. ఆ లెక్క వేసుకున్నప్పుడు చాలా బాధేసింది. అప్పట్నుంచి ఏ పెట్టె డబుల్స్ అయినా నా ఇంట్లో ఏడాది దాటి ఉండవు.

కాబట్టి ఆ 2,700 కార్డులకి దారులు చెప్తాను. అన్నీ నేను చేసి చూసినవే.

మార్పిడి. మీ సెట్లలో తక్కువ పడ్డ నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ట్రేడింగ్ కార్డ్ డేటాబేస్ అని ఒక సైట్ ఉంది. మీ దగ్గర అదనంగా ఉన్నవి, మీకు కావలసినవి నంబర్లతో ఎక్కిస్తే, ఎవరితో కుదురుతుందో చూపిస్తుంది. డబ్బు ప్రసక్తి లేదు, పోస్టేజీ మాత్రమే. నాలుగైదు కార్డులైతే పలచటి ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టి మామూలు కవరులో పంపొచ్చు. గట్టి ప్లాస్టిక్ పెడితే కవరు వంగదు, పోస్టాఫీసు అదనపు ఛార్జీ వేస్తుంది. నా 1987 సెట్‌లో ఆఖరి పదకొండు కార్డులు ఆరుగురి దగ్గర నుంచి వచ్చాయి. ఒకాయన కార్డుల వెంట చేత్తో రాసిన పేజీన్నర ఉత్తరం పంపాడు, తన తండ్రితో కలిసి అదే సెట్ ఎలా కట్టాడో రాస్తూ. ఇప్పటికీ ఆల్బమ్ మొదటి పేజీలో ఉంది.

జట్ల వారీగా అమ్మకం. అమ్మాలని మీకు గట్టిగా ఉంటే ఇదొక్కటే నాకు కొంచెం ఫలించింది. విడిగా పావు డాలర్ కార్డుని ఈబేలో పెడితే స్టాంపు, తొడుగు, పదమూడు శాతం పైన ఫీజు పోయాక చేతినుంచి పడుతుంది. అదే ఒక జట్టు కార్డులన్నీ, రెండు ఏళ్ళవీ, రబ్బరు బ్యాండ్ వేయకుండా ఒక కట్టగా చేసి నాలుగైదు డాలర్లకి పెడితే ఆ జట్టు అభిమాని తీసుకుంటాడు. రబ్బరు బ్యాండ్ ఎందుకు వద్దంటే అంచు మీద గాటు పడుతుంది. ఊరు కూడా చూసుకోవాలి. మా వైపు లార్కిన్ సొంత మనిషి. సిన్సినాటిలోనే పుట్టి, అక్కడే పెరిగి, పంతొమ్మిదేళ్ళూ రెడ్స్‌కే ఆడాడు. ఆయన రూకీ ఇక్కడ టేబుల్ మీద పెట్టిన గంటలో పోతుంది. అదే టెక్సస్‌లో పెడితే నోలన్ రయాన్‌ని అడుగుతారు.

అన్నీ కలిపి గుత్తగా అమ్మితే? మా చుట్టుపక్కల మూడు వేల కామన్స్ పెట్టెకి పది, పదిహేను డాలర్లు దాటి ఎవరూ ఇవ్వరు. కార్డ్ షాపులవాళ్ళు ఊరికే ఇచ్చినా తీసుకోరు, చోటు లేదంటారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి, నిజంగానే చోటుండదు. పోస్టులో పంపాలంటే 3,200 కార్డుల పెట్టె పన్నెండు పౌండ్లపైన బరువు. పుస్తకాలకిచ్చే చవక మీడియా మెయిల్ రేటు కార్డులకి వర్తించదు, తెలియక పంపి ఇబ్బంది పడ్డవాళ్ళున్నారు. ఎవరైనా ఇంటికొచ్చి తీసుకెళ్తామంటేనే గుత్తగా ఇవ్వండి.

సంతకాలు. ఇది మీ బాబుకి బాగా నచ్చుతుందని నా నమ్మకం. 1987లో ఆడిన మామూలు ఆటగాళ్ళు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ళ పెద్దమనుషులు. వాళ్ళలో చాలామంది ఉత్తరం రాస్తే కార్డు మీద సంతకం చేసి తిప్పి పంపుతారు. ఒక పేజీ ఉత్తరం చేత్తో రాయాలి, ఒకటో రెండో కార్డులు పెట్టాలి, మన చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు లోపల పెట్టాలి. ఉత్తరంలో ఆ ఆటగాడి గురించి నిజంగా తెలుసుకుని ఒక్క వాక్యమైనా రాయమనండి. మా అబ్బాయి ఏడో తరగతి సెలవుల్లో 30 ఉత్తరాలు రాస్తే 17 తిరిగొచ్చాయి, కొన్ని రెండు వారాల్లో, ఒకటి పదకొండు నెలలకి. ఆ ఒక్కదాని వెనక "ఆలస్యమైంది, ఆసుపత్రిలో ఉన్నాను, నన్ను గుర్తుపెట్టుకున్నందుకు థ్యాంక్స్" అని రాసి ఉంది. ఎవరూ కొనని కార్డు అది. ఆ సాయంత్రం మా ఇంట్లో అందరం మళ్ళీ మళ్ళీ చదువుకున్నాం.

పిల్లలకి. అసలు ఎక్కువ భాగం వెళ్ళవలసింది ఇక్కడికే. కానీ పెట్టె మొత్తం తీసుకెళ్ళి స్కూలు గుమ్మంలో పెట్టేయడం ఇవ్వడం కాదు, మన బరువు వాళ్ళ నెత్తిన పెట్టడం. వేయి కార్డులు చూడగానే పిల్లలకి కూడా వాటి మీద గౌరవం ఉండదు. పది, పన్నెండు కార్డులు చిన్న కవర్లలో పెట్టండి. వీలైనన్ని కవర్లలో పక్కన పెట్టిన వాళ్ళలో ఒకరు ఉండేలా చూడండి. మెగ్వైర్ అదనంగా నాలుగుంటే, నాలుగు కవర్లకి అవి. మీ ఊరి జట్టు కార్డు ఒకటి పడితే ఇంకా మంచిది. హాలోవీన్ రోజు చాక్లెట్‌తో పాటు ఇవ్వండి. లిటిల్ లీగ్ కోచ్‌ని అడిగితే సీజన్ చివర్లో పంచుతాడు. లైబ్రరీలో పిల్లల విభాగం వాళ్ళని ముందు ఫోన్ చేసి అడగండి. పిల్లల ఆసుపత్రికి ఇవ్వాలనుకుంటే విప్పిన వస్తువులు తీసుకుంటారో లేదో కనుక్కోండి, కొన్నిచోట్ల శుభ్రత నియమాల వల్ల తీసుకోరు.

మాకు ఆదివారాలు తెలుగు బడి ఉంటుంది. అక్కడ నేను చేసిన పని ఒకటి చెప్తాను. 1987 టాప్స్ వెనక ప్రతి ఆటగాడి లెక్కలు ఉంటాయి. బ్యాటర్ అయితే ఎన్నిసార్లు బ్యాటింగ్‌కి దిగాడు, ఎన్ని హిట్లు కొట్టాడు. హిట్లని దిగిన సార్లతో భాగిస్తే బ్యాటింగ్ యావరేజ్. తలా పది కార్డులిచ్చి, యావరేజ్ అచ్చయిన అంకెని వేలితో మూసి, లెక్క కట్టి తెలుగులో చెప్పమన్నాను. "నూట ముప్ఫై ఆరు హిట్లు, అయిదు వందల పది సార్లు" అంటూ మొదలుపెట్టారు. వందల వరకు తెలుగు అంకెలు రాని పిల్లలు రెండు ఆదివారాల్లో నేర్చుకున్నారు. ఆ కార్డులు వాళ్ళకే ఇచ్చేశాను. క్రికెట్ తప్ప ఇంకోటి ఎరుగని ఒక తాతగారు, ఇండియా నుంచి వచ్చి మనవణ్ణి దింపడానికి వచ్చేవారు, ఒక కార్డు తీసుకుని "ఇతను ఓపెనరా?" అని అడిగారు. మనవడు అరగంట కూర్చోబెట్టి ఆట మొత్తం వివరించాడు.

కొన్ని చిన్న సంగతులు. మూలలు నలిగినవి, గమ్ మరకలున్నవి స్కూలు టీచర్లకి బొమ్మల పనికి ఇవ్వొచ్చు. తడిసినవి, బూజు పట్టినవి ఎవరికీ ఇవ్వకండి, పారేయండి. 1987 టాప్స్ ఉత్త అట్టే కాబట్టి పొడిగా ఉండి పనికిరాకుండా పోయినవి కాగితాల రీసైక్లింగ్‌లో వేయొచ్చు. ధార్మిక సంస్థకి ఇచ్చి పన్ను మినహాయింపు తీసుకోవాలనుకుంటే రసీదు తీసుకోండి, కానీ ఇవాళ మార్కెట్లో పలికే ధరే చూపించాలి. మీ కుప్పకి అది నలభై యాభై డాలర్లు, అదీ మీరు పన్ను రిటర్నులో ఐటమైజ్ చేసేవాళ్ళయితేనే (మినహాయింపులు విడివిడిగా చూపించేవాళ్ళయితేనే).

ఉంచుకునే రెండు సెట్లకి: ఒక్కోదానికి 800 కార్డులు పట్టే పొడవాటి అట్టపెట్టె చాలు, రెండు డాలర్లు ఉంటుంది. ఏరిన ముప్ఫై నలభైకి పలచటి తొడుగు, దానిపైన గట్టి ప్లాస్టిక్. తొమ్మిది జేబుల ఆల్బమ్ పేజీలు కొంటే పీవీసీ లేనివి అని రాసి ఉన్నవే కొనండి. బేస్‌మెంట్ వద్దు, అటక వద్దు. పడకగదిలో బీరువా పైన పెట్టండి.

ఈ పనంతా ఒక్క వారాంతంలో అవ్వదు, పరుగెత్తకండి. సెలవుల్లో రోజుకి ఒక గంట పెట్టుకుంటే మూడు వారాల్లో టేబుల్ ఖాళీ అవుతుంది. వరుస పెట్టడం అయ్యాక 1987 టాప్స్‌లో మీకు తక్కువ పడ్డ నంబర్లు ఇక్కడే రాయండి. పోయిన నెల విప్పిన రెండు పెట్టెల డబుల్స్ నా దగ్గర ఉన్నాయి, వాటిలో ఉన్నవన్నీ బాబు పేరు మీద పంపిస్తాను. బదులుగా 1988 డాన్‌రస్‌లో నాకు ఇంకా దొరకని 212, 389, 507 మీ కుప్పలో ఉంటే పక్కన పెట్టండి.